వినైల్ రికార్డు ప్రెస్సింగ్‌కు పంపే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆన్‌లైన్‌లో పెట్టిన పాటలో తప్పు కనబడితే రాత్రికి రాత్రే ఫైలు మార్చేయొచ్చు. వినైల్‌కి, అంటే ముల్లుతో మోగించే గ్రామఫోన్ రికార్డుకి, ఆ వెసులుబాటు లేదు. మీరిచ్చిన ఫైలును మోగిస్తూ ముందు లాకర్ (లక్క లాంటి మెత్తని పూత) పూసిన అల్యూమినియం పళ్లెం మీద గాడి కోస్తారు. దాని మీద నికెల్ ఎక్కించి అచ్చులు తీస్తారు. ఆ అచ్చుల మధ్య వేడి పీవీసీ ముద్దను పెట్టి నొక్కితే రికార్డు తయారవుతుంది. గాడిలోకి వెళ్లిన తప్పు, 300 కాపీలు వేయిస్తే 300 కాపీల్లోనూ ఉంటుంది. దిద్దాలంటే కోత నుంచి మళ్లీ మొదలుపెట్టాలి, ఆ ఖర్చు మనదే.

అన్నిటికంటే ముందు నిమిషాలు లెక్కపెట్టండి. 12 అంగుళాల రికార్డు 33⅓ వేగంతో (నిమిషానికి 33⅓ చుట్లు) తిరిగేటప్పుడు ఒక్కో వైపు 18 నుంచి 20 నిమిషాలుంటే హాయిగా ఉంటుంది. 22 దాటితే దేన్నో ఒకదాన్ని వదులుకోవాల్సిందే. గట్టిగా మోగే శబ్దానికి గాడి పక్కలకు ఎక్కువ ఊగుతుంది, ఊగడానికి చోటు కావాలి. నిమిషాలు పెరిగేకొద్దీ గాడులను దగ్గర దగ్గరగా సర్దాలి కాబట్టి శబ్దం తగ్గించి కోస్తారు. శబ్దం తగ్గితే దుమ్ము చిటపటలు పైకి తేలతాయి. మా మొదటి రికార్డులో ఒక పాటను వదులుకోలేక ఒక వైపు 25 నిమిషాలు నింపాం. ఆ వైపున్న మెల్లని పాటలో గొంతు కంటే చిటపటే ముందు వినిపించింది. ఆ పాట పాడినవాళ్లు విని ఏమీ అనలేదు కానీ, నాకు ఇప్పటికీ బాధే. 45 వేగానికైతే 12 అంగుళాల రికార్డుకు వైపుకు 12 నిమిషాల లోపు, 7 అంగుళాల రికార్డుకు నాలుగు నిమిషాల దగ్గర ఉంచుకోండి.

పాటల వరస కూడా ఇష్టాన్ని బట్టి మాత్రమే పెట్టేది కాదు. 12 అంగుళాల రికార్డు 33⅓ వేగంతో ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. అంచు దగ్గర ఆ 1.8 సెకన్లలో ముల్లు కిందుగా సుమారు 92 సెంటీమీటర్ల గాడి సాగుతుంది. లోపల లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 38 సెంటీమీటర్లే. అంతే సంగీతాన్ని సగం కంటే తక్కువ చోటులో ఇరికించాలన్నమాట. అక్కడ తాళాల మోత, పదునైన గొంతు గరగరలాడతాయి. అందుకని హుషారు పాటలు ప్రతి వైపూ మొదట్లో, తక్కువ వాయిద్యాలతో సాగే మెల్లని పాటలు చివర్లో పెట్టండి. ఆల్బమ్ అంతా ఎగిసిపడి ముగిసే పెద్ద పాట చివర్లోనే ఉండాలని పట్టుంటే, ఆ వైపు నిమిషాలైనా తగ్గించండి.

ఇప్పుడు బేస్ సంగతి. స్టీరియో రికార్డులో ఎడమ, కుడి రెండింటిలోనూ సమానంగా ఉన్న శబ్దం గాడిని పక్కలకు ఊపుతుంది. రెండింటి మధ్య తేడా గాడిని పైకీ కిందికీ కదిలిస్తుంది. కిక్ డ్రమ్, బేస్ గిటార్ లాంటివి రెండు వైపులా ఎదురెదురు ఫేజ్‌లో (ఒక వైపు శబ్దపు అల లేస్తుంటే రెండో వైపు పడుతూ) ఉంటే గాడి ఒక్కోచోట మరీ లోతుగా, ఇంకోచోట మరీ పలచగా తయారై ముల్లు ఎగిరిపోతుంది. సుమారు 150 హెర్ట్జ్ కంటే కింద ఉన్నదంతా మోనోలో (ఎడమ, కుడి రెండింటిలోనూ ఒకేలా) ఉంచితే ఆ బెడద ఉండదు. గొంతు, వాయిద్యాల ట్రాక్‌లన్నీ కలిపిన మిక్స్‌ను ఒకసారి పూర్తిగా మోనోలో వినండి. ఏ వాయిద్యమైనా మాయమైతే అక్కడ ఫేజ్ గొడవ ఉన్నట్టే.

గొంతులో స, శ, ష, చ అక్షరాలను విడిగా వినండి. డిజిటల్‌లో కాస్త పదునుగా ఉన్న ‘స’ వినైల్ మీద ఉమ్మినట్టు చీలుతుంది. మొత్తం మాస్టర్ (మిక్స్ తర్వాత తయారయ్యే తుది ఫైలు) మీద డీ-ఎస్సర్ (స, శ లాంటి శబ్దాల పదును తగ్గించే సాధనం) వేయడం కంటే, మిక్స్‌లో గొంతు ట్రాక్ మీదే ఒక్కో చోటూ దిద్దడం మేలు. ఓపిక కావాలి, కానీ ఈ పనికి పెట్టిన సాయంత్రం వృథా పోదు.

లిమిటర్‌తో (శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని సాధనంతో) పిండి గట్టిగా చేసిన స్ట్రీమింగ్ మాస్టర్‌ను యథాతథంగా పంపకండి. రికార్డు మీద ఎంత గట్టిగా మోగాలన్నది కోసే ఇంజినీరు నిర్ణయిస్తారు. పిండిన ఫైలు వల్ల శబ్దం పెరగదు, జీవం పోతుంది. వినైల్‌కు వేరే మాస్టర్ చేయించండి, పీక్‌లు (శబ్దం అన్నిటికంటే ఎత్తుకు వెళ్లే చోట్లు) మైనస్ 3 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూడండి.

ఫైళ్లు 24 బిట్ వేవ్‌లో (కుదించని ధ్వని ఫైలు), మిక్స్ చేసిన శాంపిల్ రేటులోనే (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచారన్న లెక్క) ఇవ్వండి. ఎంపీ3ని వేవ్‌గా మార్చితే పోయిన నాణ్యత తిరిగి రాదు. పాటల మధ్య ఖాళీలతో సహా వైపుకొక ఫైలు చేసి, ఏ పాట ఎన్నో నిమిషంలో మొదలవుతుందో కాగితం జతచేయండి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఆ ఫైలునే హెడ్‌ఫోన్స్‌లో మొదటి నుంచి చివరిదాకా వినాలి, ప్రాజెక్ట్ తెరిచి వింటే సరిపోదు.

కవర్ పనికి ప్రెస్సింగ్ ప్లాంటు ఇచ్చే టెంప్లేట్ తప్ప వేరేది వాడొద్దు. సీఎమ్‌వైకే (అచ్చుకు వాడే నాలుగు సిరాల) రంగులు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరించే గీత దాటి సాగే బొమ్మ) మామూలుగా అడుగుతారు. తెర మీద మెరిసే నీలం, పచ్చ అచ్చులో మందగిస్తాయి కాబట్టి ప్రింట్ ప్రూఫ్ చూడకుండా ఒప్పుకోకండి. చిన్న అక్షరాలు నలుపు ఒక్క రంగులోనే ఉండాలి, నాలుగు రంగులు కలిపితే అంచులు చెదురుతాయి. తెలుగు అక్షరాలుంటే మరింత జాగ్రత్త: ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే ఒత్తులు విడిపోతాయి. ఫాంట్లను ఔట్‌లైన్స్‌గా (అక్షరాలను గీతల బొమ్మలుగా) మార్చి, మార్చాక మళ్లీ ప్రతి పేరూ చదవండి. పాడినవారి పేరులో ఒత్తు ఎగిరిపోతే అది కవర్ మీద ఏళ్ల తరబడి ఉంటుంది.

లేబుల్ అతికించేది కాదు, వేడిలో రికార్డుతో పాటే నొక్కేది. వ్యాసం సుమారు 100 మిల్లీమీటర్లు, మధ్యలో రంధ్రం. దాని దగ్గర అక్షరాలు పెట్టకండి. ఏ లేబుల్ ఏ వైపుకో, కేటలాగ్ నంబరు (రికార్డుకిచ్చే గుర్తింపు సంఖ్య) లేబుల్ మీదా కవర్ మీదా ఒకటేనా అన్నది ఇద్దరు విడివిడిగా సరిచూడాలి.

చివరిగా టెస్ట్ ప్రెస్సింగ్, అంటే మొత్తం కాపీలు వేసే ముందు విని చూడడానికి తీసే కొన్ని నమూనా రికార్డులు. డబ్బు మిగులుతుందని దీన్ని మానేయొద్దు, తప్పును ఆపడానికి ఉన్న ఆఖరి అవకాశం ఇదే. ముల్లు శుభ్రం చేసుకుని, ఒక మంచి టర్న్‌టేబుల్ మీదా ఒక మామూలు దాని మీదా రెండు వైపులూ పూర్తిగా వినండి. టక్‌మన్న చప్పుడు వస్తే నిమిషం, సెకను రాసుకుని, అదే చోటు ఇంకో కాపీలో వినండి. అన్నిట్లోనూ ఉంటే లోపం అచ్చులోనో కోతలోనో ఉన్నట్టు, ఒక్కదాంట్లోనే ఉంటే ఆ కాపీదే. సాగదీసిన స్వరం ఊగుతుంటే రంధ్రం మధ్యలో పడలేదేమో చూడండి. రాసుకున్నవన్నీ ప్లాంటుకు రాతపూర్వకంగా పంపి, జవాబు వచ్చాకే సరే అనండి. విడుదల తేదీ ప్రకటన కూడా అప్పటిదాకా ఆపండి.