మేళం కథ ఎలా వినాలి, ఎలా రాసుకోవాలి

మా గురువుగారు పోయిన మాఘంలో కాలం చేశారు. పదకొండో రోజు భోజనాలయ్యాక మేళం వాళ్ళమంతా వాళ్ళ అరుగు మీద కూర్చున్నాం. కొత్తగా చేరిన ట్రంపెట్టు కుర్రాడు నన్నడిగాడు, "కొత్తవలస కథ చెప్పు మావయ్యా" అని. మొదలుపెట్టాను. సగంలో ఆగిపోయాను. ఆ రాత్రి వేను నడిపింది ఎవరు? దారి తప్పామని మొదట కనిపెట్టింది ఎవరు? వందసార్లు విన్న కథే. చెప్పే మనిషి ఉన్నారు కదా అని ఏనాడూ గట్టిగా పట్టుకోలేదు. ఆ అరుగు మీద నాకు గొంతు పూడుకుపోయింది.

మర్నాడే ఓ లాంగ్ నోటుబుక్కు కొన్నాను. ఇప్పటికి ఇరవై మూడు కథలు రాశాను. నేను 1995 నుంచి బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తున్నాను. మాది గజపతినగరం దగ్గర పల్లె. ఇటు సాలూరు, పార్వతీపురం నుంచి అటు టెక్కలి, ఇచ్ఛాపురం దాకా పెళ్ళిళ్ళకీ అమ్మవారి పండగలకీ తిరుగుతాం. మాలాంటి ప్రతి మేళంలోనూ ఓ పెద్దాయన, ఆయన దగ్గర ఓ మూటెడు కథలు ఉంటాయి. మీ మేళంలో ఆ మూట విప్పించి రాసుకోవాలనుకునేవాళ్ళకి, నేను చేసి తెలుసుకున్నది చెప్తాను.

ఈ కథలు కాలక్షేపానికని అనుకోకండి. విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ కుర్చీలో కూర్చున్నారు. అక్కడి పిల్లలకి ఏ ఏడు ఏం నేర్పాలో రాసి ఉంటుంది. మాకు ఆ రాత ఏదీ లేదు. ఎండలో క్లారినెట్ కర్రని ఎందుకు వదిలెయ్యకూడదో, తోలు డ్రమ్ము మంచుకి ఎందుకు మెత్తబడుతుందో, ట్రంపెట్టు పెదాలకి అదిమి ఊదితే రాత్రి పన్నెండు దాటాక ఏమవుతుందో, అన్నీ మాకు ఎవరో ఒకరికి జరిగిన కథగానే వచ్చాయి. కథ పోతే దానితోపాటు పాఠమూ పోతుంది.

ఎప్పుడు అడగాలి

పనికి వెళ్ళేటప్పుడు అడగొద్దు. అప్పుడు అందరి మనసూ వాయిద్యం మీదే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో, రెండో మూడో అయ్యాక, రామభద్రపురం దగ్గరో చిలకపాలెం దగ్గరో టీ తాగి మళ్ళీ వేను ఎక్కాక పావుగంటకి కథ దానంతటదే వస్తుంది. మొదటిసారి ఫోను బయటికి తియ్యకండి. రికార్డింగు అనగానే మా పెద్ద డ్రమ్ము బావ రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడటం మొదలెట్టాడు. ముందు చివరిదాకా వినండి. మూడో నాలుగో రోజు ఇంటికి వెళ్ళి, "బావా, మొన్న చెప్పినది రాసుకుంటాను, మళ్ళీ చెప్తావా" అని అడగండి. ఆయన సరేనంటేనే రాయండి.

రాసేటప్పుడు మొదటి ప్రశ్న, "ఎవరు ఎక్కడ నిలబడ్డారు?" కాగితం మీద చుక్కలు పెట్టించండి. ముందు క్లారినెట్లు ఎన్ని, వెనక సైడు డ్రమ్ములు ఎన్ని, పెద్ద డ్రమ్ము ఏ పక్క, పెళ్ళికొడుకు కారు ఎంత దూరంలో. ఈ బొమ్మ వేయించగానే మర్చిపోయిన మనుషులు కూడా గుర్తొస్తారు. "ఆ రోజు తాళాలు మా తోడల్లుడు వాయించాడు" అని ఒక్కసారిగా అంటారు. నాకైతే ఇంతకంటే బాగా పనిచేసిన ప్రశ్న లేదు.

ఏడాది పట్టుకోవడం

ఏ ఏడాది అని అడిగితే ఎవరికీ తెలీదు. ముందా వెనకా అని అడగండి. హుద్‌హుద్ తుఫానుకి ముందా? అది 2014 అక్టోబరు 12. పలాస జీడితోటలు పడిపోయిన తిత్లీకి ముందా? అది 2018 అక్టోబరు 11. విజయనగరం జిల్లా అయ్యాకా? అది 1979 జూన్ ఒకటో తారీకు. ఇలా రెండు మేకుల మధ్య కథని కట్టెయ్యొచ్చు.

నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్ళే చిన్న రైలు మా వాళ్ళ కథల్లో నాలుగైదు చోట్ల వస్తుంది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఎడం. 2004లో ఆపేసి పెద్ద లైను వేశారు, 2011లో మళ్ళీ నడిపారు. కాబట్టి "పెద్ద డ్రమ్ము పెట్టెలో పట్టక గుమ్మంలోనే పట్టుకుని నిలబడ్డాం" అని ఎవరైనా అంటే, అది 2004కి ముందు సంగతి. ఆ ప్రయాణంలో నేనూ ఉన్నాను. పెట్టెలో వాళ్ళు అడిగితే పాతపట్నం దాకా వాయించుకుంటూ వెళ్ళాం. రైలు కుదుపుకి నా పై పన్ను రీడుకి, అంటే ఊదే చోట ఉండే సన్నటి రెల్లు రేకుకి, తగిలి దాని చివర చిట్లింది. కదిలే బండిలో క్లారినెట్ నోట పెట్టకూడదని ఆ రోజు తెలుసుకున్నాను.

ఇంకో మంచి ఆధారం బయానా పుస్తకం, అంటే పెళ్ళివారిచ్చే అడ్వాన్సు రాసుకునే పుస్తకం. ఏ మేళం మాస్టారి ఇంట్లోనైనా ట్రంకు పెట్టెలో ఉంటుంది. ముహూర్తం తేదీ, ఊరు, ఎంతమంది, బయానా ఎంత, వేను అద్దె ఎంత, అన్నీ ఉంటాయి. మనిషి జ్ఞాపకానికీ పుస్తకానికీ తేడా వస్తే రెండూ రాయండి.

రెండు రకాలుగా చెప్తే

ఇది కొంచెం నిదానంగా చెప్పాలి. నేను ఎక్కువగా తప్పటడుగు వేసింది ఇక్కడే.

మా మేళంలో అన్నిటికంటే పెద్ద మాట "వెనక్కి విను." దాని కథ ఇది. బొబ్బిలిలో ఊరేగింపు. సందు మలుపులో ముందున్న క్లారినెట్ల దగ్గర కుర్రాళ్ళు ఎగురుతున్నారు. వాళ్ళ ఊపు చూసి ముందువాళ్ళు నడక పెంచేశారు. వెనక డ్రమ్ములు ఇంకా మలుపు తిరగలేదు. పాట ముందుకీ దరువు వెనక్కీ లాగేసుకుని, వినేవాళ్ళకి రెండు మేళాలు పోట్లాడుకున్నట్టుంది. అప్పుడు పెద్ద డ్రమ్ము బావ కర్ర పైకెత్తి, అలా గాల్లోనే ఉంచేశాడు. దెబ్బ పడలేదు. ఒక్కొక్కరే ఆగిపోయారు. సందంతా నిశ్శబ్దం. గురువుగారు వెనక్కి తిరిగి, "ఒరే గుంటలూ, కళ్ళెదర ఏటున్నా చెవులు మాత్రం వెనక్కే ఉండాల" అన్నారట.

సైడు డ్రమ్ము మావ మాత్రం, "కర్ర ఎత్తి ఆపడం ఏటీ లేదు, కర్ర చివర గుబ్బ ఊడి ఎగిరిపోయింది, అందుకే ఆగింది" అన్నాడు. నేను తొందరపడి ఆయన మాట కొట్టేశాను. పెద్దాయన కథని చిన్నది చేస్తున్నాడని మనసులో కోపం కూడా వచ్చింది. తర్వాత బయానా పుస్తకం తిరగేస్తే, ఒకే వారంలో బొబ్బిలి, సాలూరు రెండు పెళ్ళిళ్ళు. బావ దగ్గరికి పరిగెత్తాను. కర్ర ఆపింది బొబ్బిలిలో, గుబ్బ ఊడింది సాలూరులో. రెండు రాత్రులు కలిసిపోయి ఒక కథయింది. సాలూరు రాత్రికి వేరే పాఠం ఉంది. గుబ్బకి గుడ్డ చుట్టి తడిదారంతో కట్టారు, ఆరాక దారం వదులైంది. అప్పట్నించే మా పెద్ద డ్రమ్ము సంచిలో రెండో కర్ర ఉంటోంది. నేను మావ మాట చెరిపేసి ఉంటే ఆ కర్ర ఎందుకుందో ఎవరికీ తెలిసేది కాదు. ఆయన దగ్గరికి వెళ్ళి, తప్పయింది మావా అని చెప్పుకున్నాను.

కాబట్టి రెండో మనిషి అడ్డం చెప్తే సంతోషించండి. ఇద్దరి మాటా వేరువేరు పేజీల్లో, వాళ్ళ నోటి మాటల్లోనే రాయండి. కలిపి మీరు ఒక కథ అల్లొద్దు.

కథని వాయించి చూడండి

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, మూఢంలో ఉండవు. కథలోని పాఠాన్ని పరీక్షించే రోజులవే. "వెనక్కి విను" ని మేం స్కూలు గ్రౌండులో ఇలా చూశాం. సైడు డ్రమ్ము కుర్రాణ్ణి ఒక చివర నిలబెట్టి, సుమారు నలభై అయిదు అంగలు దూరంగా వెళ్ళి వాడి కర్ర వైపు చూడమన్నాను. కర్ర చర్మం మీద పడటం ముందు కనిపిస్తుంది, చప్పుడు ఓ లిప్త తర్వాత వస్తుంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. 34 మీటర్ల ఊరేగింపులో వెనక దెబ్బ ముందుకి చేరడానికి సెకనులో పదో వంతు పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల నడకలో అది ఒక దెబ్బలో అయిదో వంతు. ముందున్నవాడు ఎవరి చెయ్యో చూసి ఊదితే, వాడి స్వరం డ్రమ్ము చప్పుడు కంటే ముందే వెళ్ళిపోతుంది. చెవికి చేరిన దెబ్బతోనే ఊదితే పాటా దరువూ ఒకటిగా ముందుకి సాగుతాయి. గురువుగారు లెక్క చెప్పలేదు, కర్ర గాల్లో నిలిచిన కథ చెప్పారు. ఆ గ్రౌండులో పిల్లల మొహాలు చూస్తే నాకు ఆయన పక్కనే ఉన్నట్టనిపించింది.

మా చెల్లెలి కొడుకు అమెరికాలో ఇండియానాలో ఉంటాడు. అక్కడ డ్రమ్ కోర్ అని కుర్రాళ్ళ మేళాలున్నాయి. ఇత్తడి బూరలు, డ్రమ్ములు, జెండాలు తిప్పే జట్టు. క్లారినెట్ ఉండదు. వేసవంతా బస్సుల్లో రాత్రిళ్ళు ఊరూరూ తిరుగుతూ, స్కూళ్ళ ఆటగదుల్లో నేల మీద పడుకుంటారట. ఇరవై రెండేళ్ళు దాటితే మేళం వదలాల్సిందే. 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్ అనే ఊళ్ళో వాళ్ళ మొదటి పెద్ద పోటీ జరిగింది. ఇప్పుడు ఇండియానాపొలిస్ స్టేడియంలో జరుగుతోంది. అది చూసొచ్చి వాడు ఫోను చేశాడు. "మావయ్యా, వీళ్ళు కూడా వెనక డ్రమ్ముల్ని వినే వాయించాలంటారు, మీ మాటే" అన్నాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఈ మాట వినడానికి గురువుగారు ఉంటే బాగుండును.

రాయడానికి మనసొప్పనివి

కొన్ని కథలు అవమానంవి. ఒక పెళ్ళిలో రాత్రంతా వాయించాక మాకు పందిట్లో ఆకు వెయ్యలేదు. తెల్లారుజామున పెరట్లో, చల్లారిన అన్నం పెట్టారు. మా బేస్ వాయించే పెద్దాయన చెయ్యి కడుక్కుని తినకుండా లేచారు. ఇంటిపేరు, ఊరిపేరు రాయకండి, ఈరోజు ఆ ఇంటి పిల్లలకి ఆ పాపంతో సంబంధం లేదు. జరిగింది మాత్రం రాయండి. బయానా తీసుకునేటప్పుడే "భోజనం పందిట్లో, పెళ్ళివారితో పాటు" అని మేం చెప్పుకోవడం ఆ రాత్రి నుంచే మొదలైంది. తాగి వాయించిన రాత్రులు, డబ్బు దగ్గర తగువులు, ఆ మనిషి బతికుంటే అతన్ని అడిగి రాయండి. వద్దంటే వదిలెయ్యండి.

ఇళ్ళల్లో అడగండి

ఇది నాకు ఆఖర్న తట్టింది, మీరు మొదటే చెయ్యండి. మేళం వాళ్ళకి దారిలో జరిగింది తెలుసు. ఎన్నింటికి ఇల్లు చేరారో, ఎంత తెచ్చారో, ఏ చొక్కా చిరిగిందో, ఇంట్లో ఆడవాళ్ళకి తెలుసు.

కొత్తవలస కథ అలాగే పూర్తయింది. బయానా పుస్తకంలో ఉంది, 1991 ఫిబ్రవరి, బయానా 200 రూపాయలు. మనిషి టీకొట్టు దగ్గర బయానా ఇచ్చి, "కొత్తవలస, రైలుగేటు దాటగానే" అని వెళ్ళిపోయాడు. మావాళ్ళు రైలు జంక్షను కొత్తవలస వెళ్ళారు. గేటు ఉంది, పందిరి లేదు. పెళ్ళి పార్వతీపురం వైపు కొత్తవలసలో. అక్కడా రైలుగేటే. బయానా ఇచ్చినాయన మాటల్లో మాటగా "రాయగడ బస్సు మా మీంచే ఎల్తాది" అన్నది గురువుగారికి గుర్తొచ్చి వేను తిప్పించారు. విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, బొబ్బిలి మీదుగా రాత్రంతా వెళ్ళి, జీలకర్ర బెల్లం వేళకి అందుకున్నారు. మన జిల్లాల్లో వలసలూ పేటలూ ఒకే పేరుతో ఎన్నో ఉన్నాయి. బయానా తీసుకునేవాళ్ళు మండలం పేరు, దిగే బస్టాపు అడిగి రాసుకోవడం మరవకండి.

వేను నడిపింది ఎవరో చెప్పింది గురువుగారి భార్య. "మా తమ్ముడే కదా, రెండో రోజు కూడా నిద్రపోతానే ఉన్నాడు" అంది అత్త. ఇంకోటి కూడా చెప్పింది. ఆ పొద్దున్న గురువుగారు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదట. అరుగు మీద కూర్చుని క్లారినెట్ ఏ ముక్కకా ముక్క విప్పి, పాత లుంగీ గుడ్డతో లోపల తుడిచి ఆరబెట్టారట. రీడు వంగకుండా ఆరడానికి గాజు ముక్క మీద బల్లపరుపుగా పెట్టి రబ్బరు బ్యాండు వేశారట. ఆ గాజు వాళ్ళ పెళ్ళి ఫోటో పటానిది. పటం పగిలితే ఆయనే కోసి అంచులు రాయి మీద అరగదీశారు.

అత్త లోపలికెళ్ళి పప్పుడబ్బా అడుగునుంచి దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. అరచెయ్యంత ఉంది. రీడు ఆరిన చోట నాలుగు తెల్లటి చారలు. నా నోటుబుక్కులో కొత్తవలస కథ ఇప్పుడు ఆ గాజు ముక్క దగ్గర మొదలవుతుంది.