దారిలో కనిపించిన పాత జీపు: లక్షణాన్ని బట్టి లోపాన్ని పట్టుకోవడం

దూరప్రయాణంలో ఏదో మలుపు దగ్గర, షెడ్డు ముందు, "అమ్మకానికి కలదు" అన్న అట్టముక్క తగిలించుకొని నిలబడిన పాత జీపు కనబడితే బండి ఆపకుండా వెళ్లడం కష్టం. అలా ఆగినవారి దగ్గర సాధారణంగా ఉండేది ఒక గంట సమయం, ఒక టార్చి, ఒక అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవరు మాత్రమే. ఆ కాస్త సరంజామాతో, ఆ గంటలోనే ఏ లక్షణం దేనికి సూచనో, ఏది బాగుచేయించుకోదగినదో, ఏది చూసి వెనుదిరగాలో తేల్చుకోవడానికి ఉపయోగపడేలా ఈ వివరాలు రాస్తున్నాను. ఇంజను శబ్దం వినడంతో పరీక్ష మొదలుపెట్టడం చాలామంది చేసే పొరపాటు. ఈ బండ్లలో ఇంజను అన్నింటికన్నా తేలికగా బాగయ్యే భాగం కాబట్టి దాన్ని చివరకు వదిలిపెట్టవచ్చు.

యుద్ధకాలపు జీపు అంటున్నారు, కానీ నమ్మకం కుదరడం లేదు

రెండో ప్రపంచయుద్ధం కోసం 1941 నుంచి 1945 వరకు విల్లీస్ సంస్థ ఎంబీ పేరుతో, ఫోర్డ్ సంస్థ జీపీడబ్ల్యూ పేరుతో కలిపి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగియగానే విల్లీస్ అదే ఆకృతిలో పౌరుల కోసం సీజే-2ఏను విడుదల చేసింది. 1949లో సీజే-3ఏ, 1953లో సీజే-3బీ, ఆ తరువాత సీజే-5 వచ్చాయి. సైనిక జీపుకు గిరాకీ ఎక్కువ కావడంతో సీజే-2ఏకు ఆకుపచ్చ రంగు పూసి, బానెట్ మీద తెల్ల నక్షత్రం వేసి ఎంబీ అని చెప్పి అమ్మడం కొత్తేమీ కాదు. అన్ని సందర్భాల్లోనూ అది మోసమే కానక్కరలేదు, అమ్మేవారికే తెలియకపోవడమూ ఉంటుంది.

రోడ్డు మీద నుంచే గుర్తుపట్టగలిగే తేడాలు కొన్ని ఉన్నాయి. యుద్ధకాలపు జీపు గ్రిల్‌కు నిలువుగా తొమ్మిది చీలికలు ఉంటాయి, సీజే-2ఏకు ఏడు ఉంటాయి. తొలి 25 వేల పైచిలుకు ఎంబీలకు మాత్రం ఇనుప పట్టీలు అతికించిన గ్రిల్ ఉండేది. సైనిక జీపు హెడ్‌లైట్లు చిన్నవి, గ్రిల్ వెనుకకు ఒదిగి ఉంటాయి, పైగా చీకట్లో ఇంజను పని చూసుకోవడానికి వాటిని వెనక్కు తిప్పుకోవచ్చు. పౌర జీపు హెడ్‌లైట్లు పెద్దవి, ముందుకు పొడుచుకొని ఉంటాయి. ఎంబీకి వెనుక తెరుచుకునే తలుపు ఉండదు, స్టెప్నీ టైరు వెనుక భాగానికే బిగించి ఉంటుంది. సీజే-2ఏకు వెనుక తలుపు ఉంటుంది, స్టెప్నీ పక్కకు చేరుతుంది. ముందు అద్దం రెండు ముక్కలు కాకుండా ఒకే పలకగా ఉంటే అది సీజే-3ఏ గానీ ఆ తరువాతిది గానీ అయి ఉండాలి. బానెట్ మరీ ఎత్తుగా, పెట్టెలాగా కనిపిస్తే సీజే-3బీ అనుకోవచ్చు. భారతదేశంలో మహీంద్రా, జపాన్‌లో మిత్సుబిషి అనుమతి తీసుకొని తయారుచేసినది ఈ నమూనానే కాబట్టి అది ఏ దేశంలో పుట్టిందో ముఖం చూసి చెప్పలేము.

గ్రిల్ మార్చడం ఒక పూట పని, అందువల్ల చీలికలు లెక్కపెట్టి అక్కడితో తృప్తిపడకూడదు. పెట్రోలు ఎక్కడ పోస్తారో చూడాలి. ఎంబీలో డ్రైవరు సీటు మెత్త ఎత్తితే ట్యాంకు మూత కనిపిస్తుంది, సీజే-2ఏలో మూత బాడీ బయట పక్కన ఉంటుంది. తరువాత నేల మీద వెల్లకిలా పడుకొని రేడియేటరు కిందుగా ఛాసిస్ (బండిని మోసే ఉక్కు చట్రం) అడ్డుకమ్మీని చూడాలి. అది గుండ్రటి గొట్టమైతే విల్లీస్, బోర్లించిన తొట్టిలా పలకలుగా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ తన బోల్టుల తలల మీద సైతం తన పేరులోని తొలి అక్షరాన్ని ముద్రించేది. టార్చి వెలుగులో అటువంటి బోల్టు ఒక్కటి దొరికినా కలిగే సంతోషం వేరు, అయితే బోల్టులు ఒక బండి నుంచి మరొక బండికి తేలికగా వెళ్తాయని మరచిపోకూడదు. జీపీడబ్ల్యూ నంబరు ఎడమవైపు ఛాసిస్ దూలం పై అంచున ఇంజను దగ్గర కొట్టి ఉంటుంది, ఎంబీ నంబరు దూలం లోపలివైపు బిగించిన రేకు మీద ఉంటుంది. ఆ నంబరు కాగితాల్లోని నంబరుతో సరిపోలకపోతే దానికి మెకానిక్ దగ్గర పరిష్కారం దొరకదు. రిజిస్ట్రేషన్ అధికారుల దగ్గర తేలేదాకా డబ్బు చేతులు మారకూడదు.

రంగు తళతళలాడుతోంది, కాలి కింద మాత్రం రేకు మెత్తగా ఉంది

ఈ జీపుల బాడీ నేలను కింద నుంచి మోసేవి టోపీ ఆకారంలో వంచిన రేకు దూలాలు. యుద్ధకాలపు బండ్లలో ఆ దూలాల లోపల కొయ్య ముక్కలు దిగ్గొట్టి ఉండేవి. వాన నీరు లోపలికి చేరితే కొయ్య దాన్ని పీల్చుకొని నెలల తరబడి వదలదు, ఆ తేమకు రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైన రంగు ఎంత నున్నగా ఉన్నా తేడా ఉండదు, ఎందుకంటే అక్కడ చెడిపోయినది రంగు పట్టిన వైపు కాదు.

పరీక్ష చాలా తేలిక. పల్చటి గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని బాడీ కింది అంచుల వెంబడి, చక్రాల గూళ్ల చుట్టూ జరుపుతూ పోవాలి. అది పట్టు వదిలి జారిన చోట రంగు కింద ఇనుము లేదు, పుట్టీ ఉంది. తరువాత నేల దూలాలను స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడాలి. గట్టి రేకు గణగణమంటుంది, తినేసిన రేకు తడిసిన అట్టపెట్టెలా డబడబమంటుంది.

బాడీ చెడిపోయినంత మాత్రాన దిగులు పడనక్కరలేదు. నేల రేకులు, దూలాలు, చివరకు బాడీ మొత్తం కొత్తగా తయారై దొరుకుతున్నాయి. ఛాసిస్ సంగతి అలా కాదు. కమాన్‌కట్టలు తగిలించే కొక్కాల దగ్గర, ముందు అడ్డుకమ్మీ దూలాన్ని కలిసే చోట, స్టీరింగు పెట్టె బిగించిన చోట పగుళ్లుగానీ పాత వెల్డింగు అతుకులుగానీ కనిపిస్తే ఆ బండి ఎప్పుడో మోయలేని బరువు మోసిందని అర్థం. ఒక పగులును సరిగా వెల్డింగు చేయించవచ్చు. అతుకు మీద అతుకు ఉంటే, దూలమే మెలితిరిగి ఉంటే, నా మట్టుకు నేను అక్కడితో పరీక్ష ఆపేస్తాను.

సెల్ఫు నీరసంగా తిరుగుతోంది

"బ్యాటరీ దిగిపోయిందండీ, చాలా రోజులుగా తీయలేదు" అన్న మాట ఇక్కడ తప్పకుండా వినిపిస్తుంది. నిజం కావచ్చు, కాకపోవచ్చు. నా మొదటి జీపుకు ఈ మాట నమ్మి ఒకే ఏడాదిలో రెండు బ్యాటరీలు కొన్నాను. అసలు దోషం ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉన్న జానెడు ఎర్త్ పట్టీలో ఉంది. దాని మీద మూడు పొరల రంగు ఉంది, రంగు కింద పచ్చటి చిలుము ఉంది.

ఎంబీలోనూ తొలి సీజేల్లోనూ విద్యుత్తు 6 వోల్టులు. అంతే శక్తి రావాలంటే 12 వోల్టుల బండికన్నా రెట్టింపు కరెంటు ప్రవహించాలి కాబట్టి ప్రతి తీగ మందంగా, ప్రతి అతుకు శుభ్రంగా ఉండాలి. ఇప్పటి దుకాణాల్లో దొరికే 12 వోల్టుల సన్నటి బ్యాటరీ తీగలను తెచ్చి వేస్తే చాలా శక్తి తీగలోనే వేడిగా పోతుంది. అదీగాక ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చొని ఉంటుంది, దానికి ఛాసిస్‌తో కరెంటు బంధం ఆ ఎర్త్ పట్టీ ఒక్కటే.

వోల్టుమీటరు దొరికితే, దాని ఒక కొనను బ్యాటరీ నెగటివ్ కొమ్ము మీద, మరొక కొనను ఇంజను బ్లాకు ఇనుము మీద పెట్టి సెల్ఫు కొట్టించాలి. 0.2 వోల్టులకన్నా ఎక్కువ చూపిస్తే లోపం బ్యాటరీలో కాక ఎర్త్ దారిలో ఉంది. చిటికెనవేలంత మందం తీగలు వేసి, అవి కలిసే ప్రతిచోటా రంగు గీకి మెరిసే ఇనుము కనబడేలా చేస్తే చాలా బండ్లు మళ్లీ చురుగ్గా స్టార్టు అవుతాయి. బ్యాటరీని 12 వోల్టులకు మార్చి సెల్ఫు మోటారును పాతదే ఉంచిన బండ్లూ కనిపిస్తాయి. అవి భలేగా స్టార్టు అవుతాయి గానీ ఆ విసురుకు ఫ్లైవీలు (ఇంజను వెనుక తిరిగే బరువైన చక్రం) పళ్లు అరిగిపోతాయి.

చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిచింది, వేడెక్కాక మొరాయించింది

ముందుగా ఒక జాగ్రత్త. చూడటానికి వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే, ఇంజను పూర్తిగా చల్లారాక మళ్లీ వస్తానని చెప్పి భోజనానికి వెళ్లడం మంచిది. చల్లటి ఇంజను దాచలేని విషయాలను వేడి ఇంజను దాచిపెడుతుంది.

వేడి మీద ఆగిపోవడానికి రెండు ప్రధాన కారణాలు ఉన్నాయి, వాటిని వేరుచేయడం కష్టం కాదు. ఎంబీ, సీజే-2ఏ జీపుల్లో ఉండే 134 ఘనపుటంగుళాల గో డెవిల్ ఇంజనులో ఇంధన పంపు, పొగగొట్టం మొదలు ఒకే వైపు ఉంటాయి. ఆ సెగకు గొట్టంలోని పెట్రోలు ఆవిరైతే పంపు దాన్ని తోయలేదు. బండి ఆగిన వెంటనే ప్లగ్గు తీగ ఒకటి ఊడదీసి నిప్పురవ్వ పడుతోందో లేదో చూడాలి. రవ్వ గట్టిగా పడుతూ, పంపు గాజుగిన్నె ఖాళీగా ఉంటే అది ఆవిరి అడ్డంకి. తడిగుడ్డ పంపు మీద వేసి పది నిమిషాలు ఆగితే తిరిగి కదులుతుంది. గొట్టాన్ని సెగకు దూరంగా మళ్లించి, మధ్యలో ఒక రేకు అడ్డుపెట్టడం శాశ్వత పరిష్కారం. ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఈ బాధ కాస్త ఎక్కువ. అసలు రవ్వే పడకపోతే రవ్వను పుట్టించే కాయిల్‌నో, దానికి తోడుగా ఉండే కండెన్సర్‌నో అనుమానించాలి, రెండూ మార్చడం అరగంట పని.

స్టీరింగు ఒకచోట, బండి ఒకచోట

ఈ జీపుల్లో స్టీరింగు పెట్టె నుంచి వచ్చే కదలిక ముందు భాగంలో మధ్యన ఉన్న బెల్‌క్రాంకు (కదలిక దిశను మార్చే కీలు కమ్మీ) మీదుగా రెండు చక్రాలకూ చేరుతుంది. దారిలో ఉన్న ప్రతి కీలూ కొంచెం కొంచెం అరిగితే స్టీరింగులో మొత్తం ప్లే (చక్రాలు కదలకుండా వృథాగా తిరిగే మేర) అరచేతి వెడల్పు దాటుతుంది. అప్పుడు చాలామంది స్టీరింగు పెట్టె మీది మరను బిగిస్తారు. పెట్టె అరిగేది మధ్య భాగంలోనే కాబట్టి అలా బిగిస్తే నేరుగా వెళ్లేటప్పుడు బాగుంటుంది, మలుపులో పట్టేస్తుంది. చేయవలసింది వేరు. ఒకరు స్టీరింగును నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతుంటే మరొకరు బండి కింద ప్రతి కీలునూ వేళ్లతో పట్టుకొని, ఎక్కడ కదలిక ఆలస్యంగా అందుతోందో గమనించాలి. ఎక్కువసార్లు బెల్‌క్రాంకు ఇరుసే దొరుకుతుంది, దాన్ని మార్చితే సగం జబ్బు పోతుంది.

ఒక వేగం దగ్గర ముందు చక్రాలు గజగజ వణికితే అది కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బేరింగుల పని. చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకొని ఊపితే తెలుస్తుంది. లోపలి షిమ్ములు (పల్చటి రేకు బిళ్లలు) తగ్గించి బిగువు సరిచేయవచ్చు. బేరింగులు గుంటలు పడితే మార్చక తప్పదు.

గేరు జారిపోతోంది, హ్యాండ్‌బ్రేకు ఆగడం లేదు

రెండో గేరులో దిగుడు రోడ్డు మీద యాక్సిలరేటరు నుంచి కాలు తీసేస్తే లివరు న్యూట్రల్‌లోకి ఎగిరిపడుతుందేమో చూడాలి. ముందుగా గేరుబాక్సును బెల్ హౌసింగ్‌కు (ఇంజను వెనుక క్లచ్‌ను కప్పి ఉంచే తొడుగు) పట్టి ఉంచే బోల్టులను బిగించి చూడటం మంచిది, వదులైన బోల్టులే కారణమైతే ఖర్చు ఏమీ లేదు. అప్పటికీ జారితే సింక్రో (గేరు సాఫీగా పడేలా చేసే భాగం), బేరింగు అరిగాయని లెక్క, గేరుబాక్సు విప్పాలి. పక్కనే ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే పెట్టె) ఆయిల్‌నూ చూడాలి, మధ్య సీలు అరిగితే ఒకదాని ఆయిల్ మరొకదానిలోకి చేరి ఒకటి పొంగుతూ మరొకటి ఎండిపోతూ ఉంటుంది. హ్యాండ్‌బ్రేకు ఆ ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక షాఫ్టు మీదే ఉంటుంది, అందువల్ల అది పట్టకపోవడానికి తీగ కన్నా సీలు నుంచి కారిన ఆయిలే కారణం అవుతుంది. సీలు మార్చకుండా లైనింగు ఎన్నిసార్లు మార్చినా వృథా.

బ్రేకు పెడలు

పెడలును అరనిమిషం తొక్కిపట్టినప్పుడు మెల్లగా కిందికి దిగిపోతే మాస్టర్ సిలిండరు (పెడలు ఒత్తిడిని బ్రేకు ఆయిల్‌కు అందించేది) లోపల కారుతోంది. ఈ బండ్లలో బ్రేకు ఆయిల్‌కు ఉన్నది ఒకే వరుస, ఎక్కడ ఒక్క గొట్టం చిట్లినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. రబ్బరు గొట్టాలు, సిలిండర్లు అన్నీ ఒకేసారి మార్చించాలి. అప్పటివరకు ఆ బండిని ట్రాలీ మీదే తీసుకువెళ్లాలి.

కొన్నాక దారిలో

సీజే-2ఏ ఇరుసు నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు తిరగవలసిన చుట్లు) 5.38 కావడంతో గంటకు 65 కిలోమీటర్ల వేగానికే ఇంజను నిమిషానికి సుమారు 2,600 చుట్లు తిరుగుతుంది. ఆ మోత లోపం కాదు, వేగం తగ్గిస్తే చాలు. టైరు పంక్చరైతే తొందరపడకూడదు. ఎడమవైపు చక్రాల నట్లకు మర ఎదురు దిశలో ఉంటుంది, మామూలుగా విప్పబోయి బోల్టులు విరగ్గొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు.

మొదటి ముప్పై కిలోమీటర్ల తరువాత ఆగి, నాలుగు చక్రాల మధ్యభాగాన్ని చేతితో తాకి చూడాలి. ఒక్కటే కాలుతుంటే ఆ చక్రం బ్రేకు షూ గట్టిగా ఉంది, లేదా బేరింగులో గ్రీజు లేదు. నాలుగూ ఒకేలా కాలుతుంటే పెడలుకు ఖాళీ కదలిక లేదని అర్థం. రోడ్డు పక్కనే పెడలుకూ మాస్టర్ సిలిండరుకూ మధ్య ఉన్న తోపుడు కమ్మీని సరిచేసి, అరంగుళం ఖాళీ వచ్చాకే మళ్లీ బయలుదేరాలి.