పాత మర చెరువు కట్ట, 3వ పాఠం: ఊటను కనిపెట్టడం

పోయిన పాఠంలో చెట్ల వేళ్లు, బొరియల సంగతి చూశాం, ఈసారి ఊట. నీటి ధారతో తిరిగే మర ఎప్పుడో ఆగిపోయినా, దానికోసం కట్టిన చెరువు మిగిలింది, ఆ చెరువు కట్ట మీ సొంతం అయింది అనుకుందాం. మట్టికట్ట అన్నాక బయటివైపు అడుగున ఎక్కడో చెమ్మ ఉంటుంది, అంతమాత్రానికే టెన్షన్ పడక్కర్లేదు. ఆ నీళ్లతో పాటు మట్టి కూడా వస్తోందా, అదీ మనం పట్టుకోవాల్సింది.

ఎందుకంటే, నీళ్లు బయటపడే చోట ముందు సన్నమట్టి కదులుతుంది, ఆ సందులో నీటి వేగం పెరుగుతుంది, ఇంకాస్త మట్టి కొట్టుకుపోతుంది, అలా బొక్క బయటి నుంచి చెరువు వైపుకే తొలుచుకుంటూ పోతుంది. బుంగ పడటమంటే ఇదే. అది చెరువు దాకా చేరితే గండి పడటానికి కొన్ని గంటలు చాలు. చిన్న కట్టే కదా అని తేలిగ్గా తీసుకోకండి: 1977 నవంబరులో అమెరికాలోని జార్జియాలో కెల్లీ బార్న్స్ అనే పాత మట్టికట్ట రాత్రివేళ తెగి 39 మంది చనిపోయారు. ఫలానాదే కారణమని దర్యాప్తులో తేల్చలేకపోయారు కూడా.

వారానికోసారి, పెద్ద వాన పడ్డాక తప్పకుండా, కట్ట బయటి అడుగు వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. చుట్టూ గడ్డి ఎండినా ఒక్కచోటే పచ్చగా ఉందా, కాలు వేస్తే దిగబడుతోందా చూడండి. చెరువు నీళ్లు వదిలే తూము గొట్టం బయటికొచ్చే చోట కాసేపు ఆగండి. గొట్టానికీ మట్టికీ మధ్య సందు నీళ్లకి సులువైన దారి, పాత కట్టల్లో నా అనుమానం ముందు అటే పోతుంది.

ఊట కనబడితే కొలవాలి. చిన్న కాలువ తీసి, గొట్టం ముక్క పెట్టి, 10 లీటర్ల బకెట్ కింద పెట్టి ఫోన్‌లో టైమ్ చూడండి. 50 సెకన్లలో నిండితే నిమిషానికి 12 లీటర్లు. తర్వాత ఆ నీళ్లే గాజు సీసాలో పట్టి ఓ గంట కదపకుండా ఉంచండి, అడుగున మట్టి పేరిందా చూడండి. తేదీ, చెరువు మట్టం, వాన, సెకన్లు, అన్నీ ఒకే నోట్‌బుక్‌లో రాయండి. మట్టం పెరిగినప్పుడు ఊట పెరగడం మామూలే. మట్టం అంతే ఉండి ఊట పెరిగిందంటే ఇంజనీరుని పిలవాలి. ఉన్నట్టుండి తగ్గినా సంబరపడకండి, నీళ్లు ఇంకో దారి వెతుక్కుని ఉండొచ్చు.

అందరికీ ముందు తోచేది బయటివైపు బంకమట్టి కొట్టేసి మూసేయడం. అది మాత్రం వద్దు. దారి మూస్తే కట్ట లోపల నీటి ఒత్తిడి పెరిగి పక్క నుంచి తన్నుకొస్తుంది. నీళ్లని పోనిచ్చి మట్టిని ఆపాలి: ముందు శుభ్రమైన ముతక ఇసుక, దాని మీద కంకర. ఏ సైజు ఇసుక అన్నది మీ కట్ట మట్టిని బట్టి ఇంజనీరు చెప్పాలి.

ఊట బురదగా వస్తుంటే నోట్‌బుక్ పక్కన పెట్టేయండి. ముందు దిగువన ఉన్నవాళ్లకి ఫోన్, తర్వాత అధికారులకి, కట్ట మీద ఎవర్నీ నిలబడనివ్వద్దు, భద్రంగా చేరుకోగలిగితేనే తూము తెరవండి. మామూలు రోజుల్లో చెరువు దించేటప్పుడు నిదానంగా, రోజుకి 30 సెంటీమీటర్లు దాటకుండా దించండి. గబగబా దించితే తడిసిన లోపలి వాలు జారిపోతుంది.

వచ్చే పాఠం అలుగు గురించి, అంటే చెరువు నిండినప్పుడు ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే దారి. ఆలోపు కనీసం నాలుగు వారాల కొలతలు రాసి పెట్టుకోండి, అలుగు లెక్కల్లో ఆ మట్టాలే వాడతాం.