గజ్జెల కింద సెన్సర్: కోపానికీ, మామూలు అడుగుకీ ఒకే వెలుగు

మా అక్క కూతురు కూచిపూడి నేర్చుకుంటోంది. దాని అడుగుల్లోని భావాన్ని బట్టి శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ వెనకాల ఎల్‌ఈడీలు వెలగాలని నా ముచ్చట. తిరుపతిలో మా మిద్దె మీదే పని మొదలుపెట్టా. చిన్న కంప్యూటర్ లాంటి ఈఎస్‌పీ32 బోర్డు నడుముకి, కదలికని కొలిచే ఎంపీయూ6050 సెన్సర్ గజ్జెల కింద.

మొదటిరోజే పాప పట్టేసింది: "మామా, కోపంగా తొక్కినా మామూలుగా తొక్కినా నీ లైటు ఒకేలా వెలుగుతోంది!"

రెండు రోజులు ఎల్‌ఈడీ కోడ్‌ని తిట్టుకున్నా. తప్పు అక్కడ లేదు. బోర్డు పంపే రీడింగుల్ని కంప్యూటర్‌లో చూపే సీరియల్ మానిటర్‌లో చూస్తే, ప్రతి అడుగుకీ అంకె 32767 దగ్గర, అంటే సెన్సర్ చూపగల గరిష్ఠం దగ్గర, ఆగిపోతోంది. ఈ సెన్సర్ మామూలుగా ±2జీ పరిధిలో మొదలవుతుంది (1జీ అంటే భూమి గురుత్వ త్వరణం). కాలు నేలని తాకే దెబ్బ దాన్ని దాటేస్తోంది. పరిధిని ±16జీకి మార్చా. అప్పుడు అంకెని జీల్లోకి మార్చాలంటే 16384తో కాదు, 2048తో భాగించాలి. ఇది మరిచిపోయి ఒక పూటంతా తగలేశా.

గజ్జెల అదురు కూడా రీడింగుల్లో దూరుతుంది. వేగమైన అదురుని వడగట్టడానికి సెన్సర్‌లోనే ఉన్న లోపాస్ ఫిల్టర్‌ని 44 హెర్ట్జ్‌కి పెడితే చాలావరకు తగ్గింది. కదలకుండా నిలబడ్డా 1జీ చూపిస్తుంది కాబట్టి, మూడు అక్షాలూ కలిపి లెక్కగట్టాక దాన్ని తీసేశా.

ఇక భావం. వెలుగు చప్పున లేవాలి, ఆరడం మాత్రం నిదానంగా ఉండాలి. ప్రతి 20 మిల్లీసెకన్లకీ పాత వెలుగులో 0.95 వంతు మిగిల్చా. నిన్న సాయంత్రం పాప గట్టిగా తట్టి ఆగింది. గుడ్డ మీది నెమలి భగ్గుమని, మెల్లగా చీకట్లోకి జారింది.

"ఇంకోసారి మామా!"

కింద నుంచి అక్క అన్నానికి పిలుస్తూనే ఉంది.