మూడింటికే నీరసం వచ్చేది, ఇప్పుడు మధ్యాహ్నం భోజనం క్యారియర్ కుదిరింది (నా అనుభవం)

నేను సెంట్రింగ్ పని చేస్తాను. ఒంటిగంటకు అన్నం, చారు తింటే మూడింటికల్లా కాళ్లు వణికేవి. ఎండాకాలంలో అయితే పప్పు మధ్యాహ్నానికే పులిసిపోయేది. అన్నం ఎక్కువ పెట్టుకున్నా, బిస్కెట్లు కొన్నా, హోటల్ పార్సిల్ తెచ్చుకున్నా నిద్రో ఖర్చో పెరిగింది తప్ప ఆకలి ఆగలేదు.

చివరికి కుదిరింది గుగ్గిళ్లతో. రాత్రి పడుకోబోయే ముందు రెండు గుప్పిళ్ల నల్ల శనగలు కడిగి నానేస్తాను. తెల్లారి ఐదింటికి ఉప్పేసి కుక్కర్లో ఐదారు కూతలు రానిస్తాను. ఈలోపు పక్క పొయ్యి మీద అన్నం. అన్నం దించగానే పళ్లెంలో పలచగా పరిచి ఫ్యాను కింద ఆరబెడతాను. అసలు కిటుకు ఇదే. నేను ఏళ్ల తరబడి వేడివేడిగా మూత బిగించేవాణ్ని, ఆవిరంతా నీరై అన్నంలోకే కారేది. ఆరాక పులిహోర పులుసు రెండు గరిటెలు కలుపుతాను. ఆ పులుసు ఆదివారం నూనె తేలేదాకా కాచి ఫ్రిజ్‌లో పెట్టుకున్నదే. శనగలు వార్చి, ఎండుమిర్చి పోపు పెట్టి వేరే గిన్నెలో సర్దుతాను. కొబ్బరి వేయను, తొందరగా పాడవుతుంది. ఉల్లిపాయ కోయకుండా పట్టుకెళ్తాను, సైటులో గుద్దుకుని తినడమే.

గుగ్గిళ్లు సగం పదింటి టీతో, సగం అన్నంతో. సాయంత్రందాకా ఉంచను.

అందరికీ పడుతుందని చెప్పలేను. మా మేస్త్రీకి శనగలతో కడుపు ఉబ్బరించింది, ఆయన పెసలకు మారాడు. నాకూ మొదటి వారం కాస్త ఇబ్బందే అయింది.