పాఠం అప్పజెప్తాడు, బస్సు బోర్డు చదవలేడు: ఒకటి, రెండు తరగతుల పిల్లల చదువు చిక్కులు

‘మా గుంటడికి చదువు రావట్లేదండీ’ అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఎక్కడ ఆగుతున్నాడో చూస్తే సగం పని అయినట్టే.

సమస్య: పాఠం గడగడా చదివేస్తాడు. మధ్యలో ఒక మాట మీద వేలు పెడితే నోరు మెదపడు.
కారణం: బట్టీ. బొమ్మ చూసి పాఠం గుర్తు తెచ్చుకుంటున్నాడు.
పరిష్కారం: పుస్తకం మూసేసి, అవే అక్షరాలతో వేరే మాట రాసివ్వండి. ‘పలక’ చదివినవాడికి ‘కలప’ ఇచ్చి చూడండి, సంగతి తేలిపోతుంది. రోజూ ఇలాంటి మాటలు నాలుగైదు చాలు.

సమస్య: అక్షరాలన్నీ వచ్చు, గుణింతం దగ్గర ఆగిపోతాడు.
కారణం: ‘కె’ చూపించి పెదాలు గమనించండి. క, కా, కి, కీ అని మొదట్నుంచి లోలోపల పాడుకుంటూ వస్తాడు. అక్కడికి చేరేసరికి మాట మొదట్లో ఏముందో మరిచిపోతాడు. గుణింతం పాటగా వచ్చింది గానీ గుర్తులు పట్టుబడలేదు.
పరిష్కారం: ఒక్కో అక్షరానికి గుణింతం మొత్తం చెప్పించడం కొన్నాళ్లు ఆపండి. ఒకే గుర్తును అక్షరాలన్నిటికీ పెట్టించండి. కొన్ని రోజులు గుడి ఒక్కటే: కి, గి, చి, తి, ని, పి. తర్వాత కొమ్ము. ‘యి’, ‘మొ’ లాంటివి తీరు మారతాయి కాబట్టి చివరికి ఉంచండి. పరీక్షకు పుస్తకమే అక్కర్లేదు, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు బోర్డులున్నాయి. పలాసలో ఒక్క దీర్ఘమే. రాజాంలో సున్నా కలుస్తుంది. సాలూరులో కొమ్ములు. పాలకొండ దాటాకే టెక్కలి, బొబ్బిలి. ఇచ్ఛాపురం జోలికి ఇప్పుడే వెళ్లకండి, పెద్దవాళ్లే దాన్ని తప్పు రాస్తారు.

సమస్య: వత్తు కనిపిస్తే దాటేస్తాడు.
కారణం: త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరం పోలికే ఉండదు.
పరిష్కారం: అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల. ఆరూ వచ్చేశాయి! ‘చక్రం’, ‘పద్యం’ తర్వాత చూసుకోవచ్చు.

సమస్య: ‘ఏమిటి’ని ‘ఏటి’ అంటాడు, ‘వచ్చాడు’ని ‘వచ్చినాడు’ అంటాడు.
ఇది సమస్యే కాదు. అర్థమైంది కాబట్టే ఇంటి మాటలోకి మార్చుకున్నాడు. ‘బాగుంది, పుస్తకంలో ఎలా రాశారో చూద్దాం’ అంటే సరిపోతుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టిన పర్వతాలపేట శ్రీకాకుళం దగ్గరే. ఇక్కడి పిల్లాడికి ‘ఏటి’ అన్నందుకు మొట్టికాయా? ‘పడవ’ని ‘పలక’ అంటే మాత్రం అది ఊహించి చెప్పడం, మొదటి సమస్యకు వెళ్లండి.

సమస్య: ద, ధ, డ తారుమారు చేస్తాడు.
పక్కపక్కనే నేర్పడం వల్ల వచ్చే తికమక. ఒకటి గట్టిపడ్డాకే రెండోది. ఒకటో తరగతిలో అక్షరం తిరగేసి రాసినా కంగారు పడకండి.

సమస్య: పుస్తకం ముక్కుకి ఆనిస్తాడు, వెనక నుంచి పిలిస్తే పలకడు.
ట్యూషన్ తర్వాత, ముందు ప్రభుత్వాసుపత్రిలో కళ్లు, చెవులు చూపించండి.

సమస్య: మాటల్లో చురుకు, నోటిలెక్కల్లో దిట్ట. రెండో తరగతి దాటినా చిన్న మాట కూడబలుక్కుంటున్నాడు.
కారణం డిస్‌లెక్సియా కావచ్చు, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. బద్ధకం అని తిట్టకండి. ఇలాంటి అభ్యసన వైకల్యాలను 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రం గురించి బడిలో హెడ్‌మాస్టరు గారిని అడగండి. వెళ్లేటప్పుడు వాడి నోటుపుస్తకాలతో పాటు ఏ మాట దగ్గర ఆగాడో మీరు రాసుకున్న చీటీ కూడా పట్టుకెళ్లండి.