మిరప నారు బయట పెట్టే ముందు: పగటి ఎండ కాదు, రాత్రి చలి చూడండి

మే మొదటి వారంలో అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో రెండు రోజులు 75 డిగ్రీలు దాటితే చాలు, మన పెరళ్ళలో మిరప నారు మడికెక్కేస్తుంది. మూడో రోజు తెల్లారేసరికి 38. మంచు పట్టలేదు, మొక్క చావలేదు, గండం గడిచిందనుకుంటారు. జూన్ నెల సగమయ్యాక చూస్తే మొక్క నాటిన ఎత్తులోనే నిలబడి ఉంటుంది. ఈ ఏడూ అదే వరస మొదలైంది. (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్.)

నాటడానికి రాత్రి లెక్క ముఖ్యం. వారం రోజుల పాటు రాత్రి 55 కంటే దిగకూడదు. పొద్దున్నే నాలుగంగుళాల లోతున మట్టి 65 ఉండాలి. వంటింటి థర్మామీటరు గుచ్చి చూస్తే తెలిసిపోతుంది. ఇక్కడ అది మామూలుగా మే చివరి వారం, జూన్ మొదటి వారం మాట. చల్లటి మట్టిలో మిరప వేర్లు సరిగా పని చేయవు, మట్టిలో భాస్వరం ఉన్నా అందుకోలేవు. ఆకు అడుగున ఈనెలు ఊదారంగుకు తిరుగుతాయి. అది చూసి ఎరువు గుప్పిస్తారు. లోపం ఎరువుది కాదు, చలిది. మే 10న నాటిన మొక్కను జూన్ 1న నాటిన మొక్క తేలిగ్గా దాటిపోతుంది.

అసలు ఈ తొందరకు బీజం పడేది జనవరిలో. గుంటూరులో నారుమడి ఆరుబయట ఎండలో ఉంటుంది కాబట్టి 40 రోజుల నారు నాటుతారు. ఇక్కడ ఇంట్లో లైటు కింద ఎనిమిది వారాలు పెట్టుకోండి. జూన్ 1 నుంచి వెనక్కి లెక్కేస్తే గింజ వేయాల్సింది ఏప్రిల్ 6న. ఎండుమిర్చి దాకా పండించాలనుకుంటే ఇంకో రెండు వారాలు ముందు, అంతే. జనవరిలో పోస్తే ఏప్రిల్‌కల్లా వేర్లు కప్పు లోపల దారపుండలా చుట్టుకుంటాయి, కప్పులోనే పూత పడుతుంది. ఇక ఇంట్లో ఉంచలేక బయట పెట్టేస్తారు. మళ్ళీ అదే తప్పు.

గింజ పావు అంగుళం లోతున వేయాలి. మట్టి 80–85 ఉంటే ఎనిమిది, పది రోజుల్లో మొలక వస్తుంది. 60 దగ్గర మూడు వారాలు దాటుతుంది, ఈలోపు గింజ కుళ్ళినా కుళ్ళుతుంది. అందుకే హీట్ మ్యాట్, అంటే ట్రే కింద పరిచే కరెంటు వేడి చాప. మొలక కనబడగానే మ్యాట్ తీసేయండి, లేకపోతే నారు సన్నగా సాగిపోతుంది.

ఇక మిగతావి:

లైటు మొక్కకు రెండు మూడంగుళాల పైన, రోజుకు 14–16 గంటలు. కిటికీ వెలుతురు చాలదు, పైగా రాత్రి అద్దం పక్కన చలి.

నీళ్ళు ట్రే అడుగున పోయండి. పైమట్టి ఎప్పుడూ తడిగా ఉంటే నారుకుళ్ళు వస్తుంది: కాండం మట్టి దగ్గర దారంలా సన్నబడి మొక్క ఒరిగిపోతుంది. ఒరిగిన మొక్క బతకదు, తీసి పారేయండి.

వారం, పది రోజులు బయటి గాలికి అలవాటు చేయండి. మొదటి రోజు నీడలో గంట. నేరుగా ఎండలో పెడితే ఆకు మీద తెల్లటి మచ్చలు పడతాయి, అక్కడ ఆకు కాగితంలా ఎండిపోతుంది.

అలవాటు చేసే రోజుల్లోనూ రాత్రి 55 లోపైతే లోపలికి తెచ్చుకోవాల్సిందే. బద్ధకించొద్దు.

మడి మీద నల్ల ప్లాస్టిక్ షీటు నాటడానికి వారం ముందే పరవండి. మట్టి వేడెక్కుతుంది.

మొక్కకూ మొక్కకూ అడుగున్నర.

నత్రజని గుప్పించొద్దు. ఆకు వస్తుంది, కాయ రాదు.

పక్కింటాయన నాటేశాడా? ఆయనది చలికి తట్టుకునే క్యాబేజీ అయ్యుంటుంది. మీది మిరప. రాత్రి ఎంతుందో చూడండి.

నాటాక చలి ముంచుకొస్తే పాత దుప్పటి కప్పండి, అంచులు నేలకు ఆనేలా. ఆకుకు తగిలేలా ప్లాస్టిక్ కప్పొద్దు. పొద్దెక్కగానే దుప్పటి తీసేయండి.